రోళ్లపాడు గడ్డినేలకు చలికాలంలో మధ్యాహ్నం నడకే మేలు

గడ్డినేల (కర్నూలు)

రోళ్లపాడు గురించి ఈ వేదికలో ఎవరు అడిగినా "పొద్దున ఆరింటికల్లా అక్కడుండాలి" అనే సలహానే వస్తోంది. అడవిలో పిట్టలు చూసేవాళ్లకు అది సరైన సలహా. గడ్డినేలకు, అందులోనూ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టే నడకే మేలని నా గట్టి అభిప్రాయం.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రోళ్లపాడు మిడ్తూరు మండలంలో ఉంది. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా పోవాలి. 2022లో జిల్లాలు విడగొట్టాక నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. అభయారణ్యం అన్నా చెట్లు పెద్దగా ఉండవు. ఎత్తుపల్లాల నేల, మోకాటి ఎత్తు గడ్డి, అక్కడక్కడా రేగు పొదలు, చుట్టూ చేలు.

మూడింటికి ఎండ ఇంకా చురుక్కుమంటుంటుంది. కనుచూపు మేర ఏమీ లేదనిపిస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే నిరుత్సాహపడి వెనక్కి తిరుగుతారు. తొందరపడొద్దు. ఒకచోట నిలబడి నేల వైపు చూడండి. మట్టి రంగులో కలిసిపోయిన ఇండియన్ కోర్సర్ గబగబా నాలుగడుగులు పరిగెత్తి ఠక్కున ఆగుతుంది. ఆగిందంటే ఇక మీ కంటికి ఆనదు, మళ్లీ కదిలేదాకా ఓపిక పట్టాలి. పసుపు తిత్తి ఉన్న తీతువులు గడ్డి తక్కువగా ఉన్న రాళ్లనేలలో ఉంటాయి. లార్క్‌లలో ఒకటి, ఆషీ క్రౌన్డ్ స్పారో లార్క్ అంటారు, దాని మగపిట్ట పైకి లేచి, రెక్కలు ముడిచి, ఈల వేస్తూ కిందికి పడిపోతున్నట్టు వచ్చి, నేల ఇంకాస్త దూరంలో ఉందనగా మళ్లీ పైకి లేస్తుంది. దాన్ని చూస్తూ గంట గడిపినా నాకు విసుగు రాదు.

నాలుగున్నర దాటాక హారియర్లు మొదలవుతాయి. మన పెద్దలు పిల్లి గద్ద అన్నది వీటినే. మాంటేగు హారియర్, పాలిడ్ హారియర్ మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి వేల కిలోమీటర్లు దాటి వచ్చి మన దగ్గర చలికాలం గడుపుతాయి. పగలంతా చుట్టుపక్కల చేల మీద చాలా కిందుగా ఎగురుతూ మిడతలనూ తొండలనూ పట్టుకుంటాయి. పొద్దువాలే వేళకు అన్ని దిక్కుల నుంచీ ఈ గడ్డిలోకి వచ్చి వాలతాయి. చెట్టు మీద కాదు, నేల మీద, గడ్డి మధ్యలో, గుంపుగా నిద్రపోతాయి. పొద్దున వెళ్తే అవి లేచి ఎటువాళ్లు అటు వెళ్లిపోయి ఉంటాయి. సాయంత్రమైతే అవే మన ముందుకు వస్తాయి.

మీ అనుభవాలు రాయండి. ఈ నెలలో ఒక ఆదివారం అందరం కలిసి నడుద్దామని కూడా ఉంది.

---

కొత్త బైనాక్యులర్ (కర్నూలు)

సార్, నేను డిగ్రీ చదువుతున్నాను. గార్గేయపురం చెరువు దగ్గర నీటిపిట్టలు చూడటం మొదలుపెట్టాను, గడ్డినేలకు ఎప్పుడూ పోలేదు. మూడు ప్రశ్నలు. హారియర్లలో మాంటేగు, పాలిడ్ తేడా ఎలా తెలుస్తుంది? బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కనిపించే అవకాశం ఉందా? ఇంకోటి, మా ఎన్ఎస్ఎస్ వాళ్లు వచ్చే వానాకాలంలో అక్కడ మొక్కలు నాటే కార్యక్రమం పెట్టాలనుకుంటున్నారు. అంత ఖాళీ నేల కదా, పిట్టలకు కూడా మంచిదేనని అంటున్నారు. మీరేమంటారు?

---

సీమ రైతుబిడ్డ (నందికొట్కూరు దగ్గర)

గడ్డినేల అన్నా, నువ్వు రాసింది చదివినాక మాకు కూడా ఒకసారి వచ్చి నిలబడి చూడాలనిపించింది, నిజంగానే చెప్తున్నా. కానీ ఇక్కడ రాసేవాళ్లంతా పిట్టల సంగతే రాస్తారు, ఆ పక్కనే చేలున్నాయని రాయరు. అందుకే నేను రాస్తున్నా.

అభయారణ్యం చుట్టూ శనగ, జొన్న, మొక్కజొన్న వేసినోళ్లం మేము. కృష్ణజింకలు మందలు మందలుగా వస్తాయి. శనగ మొలక రెండాకులు వేసినప్పటి నుంచి కోత దాకా రాత్రుళ్లు కాపలా పడుకోవాలి. మేసింది కొంత, తొక్కింది అంతకన్నా ఎక్కువ. వాటిని కొట్టకూడదని మాకు తెలుసు, కొట్టాలని కూడా లేదు. మా నాయన కాలంలో ఇన్ని లేవు. బట్టమేక కోసం అడివి పెట్టినారు, బట్టమేక పోయింది, జింకలు మిగిలినాయి, కాపలా మాకు మిగిలింది. పిట్టలు చూడ్డానికి వచ్చేవాళ్లు సాయంత్రం బండి ఎక్కి పోతారు. ఆ తర్వాత రాత్రంతా చేలో ఉండేది మేమే. ఈ మాట కూడా మీ చర్చలో ఉండాల.

---

పాత బీట్ (నంద్యాల)

రైతుబిడ్డ చెప్పింది అక్షరాలా నిజం. ఆ నేలలో చాలా ఏళ్లు నడిచినవాణ్ని కాబట్టి కాస్త వెనక్కి వెళ్లి చెప్తాను.

1980ల మొదట్లో అక్కడ బట్టమేకలు ఉన్న సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్‌ఎస్) వాళ్లు వచ్చి కేంద్రం పెట్టుకుని ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. అసద్ రహ్మానీ, రంజిత్ మనకడన్ లాంటి శాస్త్రవేత్తలు పనిచేశారు. 1988లో అభయారణ్యం ప్రకటించారు, సుమారు 614 హెక్టార్లు. పెద్ద నేల కాదది. బట్టమేక అంత చిన్నచోట ఇమిడే పిట్ట కానే కాదు.

మగది మీటరు ఎత్తు నిలబడుతుంది, 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగల పిట్టల్లో అంత బరువైనవి ప్రపంచంలోనే కొన్ని. వానాకాలంలో మగది కాస్త ఎత్తైన చోట నిలబడి, గొంతు కింది సంచిని గాలితో ఉబ్బించి, తోక పైకెత్తి, లోగొంతుతో "హూం" అంటుంది. ఆ శబ్దం మన చెవికి కాదు, ఛాతీకి తగిలేది. ఆడది నేల మీదే, గూడు కూడా కట్టకుండా, ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డును పశువు తొక్కినా, కుక్క తిన్నా, కాకి ఎత్తుకుపోయినా ఆ ఏటి సంతానం చాలావరకు పోయినట్టే.

ఇది అభయారణ్యంలో గుడ్డు పెట్టి, బయట చేలల్లో మేసేది. మిడతలు, పేడపురుగులు, వేరుశనగ గింజలు దాని తిండి. అప్పట్లో చుట్టూ వానాధారం జొన్న, కొర్ర, వేరుశనగ, మధ్యలో బీడు వదిలేసిన చేలు. తర్వాత అలగనూరు రిజర్వాయరు, కాలువ నీళ్లు వచ్చాయి. రైతుకు నీళ్లు రావడం మంచిదే, ఆ మాట ఎవరూ కాదనకూడదు. కానీ బీడు అంటూ లేకుండా పోయింది. ఏడాది పొడవునా పంట, మందులు, మోటర్లు, మనుషులు. పిట్టకు నిలిచే చోటు లేదు.

పాపా కొత్త బైనాక్యులర్, నీ ప్రశ్నకు జవాబు ఇదే. చాలా ఏళ్లుగా రోళ్లపాడులో బట్టమేక మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. మనకు దగ్గర్లో అంటే సరిహద్దు దాటి బళ్లారి జిల్లా సిరుగుప్ప వైపు చేలల్లో కొద్ది పిట్టలు మిగిలాయి. దేశం మొత్తం మీద స్వేచ్ఛగా తిరిగేవి సుమారు 150 అని అంచనా, ఉన్నవాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్‌లోనే.

---

గడ్డినేల

పాత బీట్ సార్ చెప్పినదానికి నేను కలపగలిగింది తక్కువ. పాపకు హారియర్ల ప్రశ్న మిగిలింది కాబట్టి అది చెప్తాను.

మగవాటిని చూడండి, ఆడవాటి జోలికి మొదట్లో పోవద్దు. మాంటేగు మగది బూడిద రంగు. రెక్క చివర నలుపు, రెక్క మధ్యలో అడ్డంగా ఒక నల్ల గీత. కడుపు మీద సన్నని ఎర్రటి చారలు. పాలిడ్ మగది దాదాపు తెల్లగా ఉంటుంది, రెక్క కొసన మాత్రం సన్నటి నల్లటి ముక్కోణం, అడ్డగీత ఉండదు. ఆడవి రెండూ గోధుమ రంగు, తోక మొదట్లో తెల్లపట్టీ. వాటిని విడదీయడం ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకే కష్టం, "హారియర్, ఆడది" అని రాసుకుంటే చాలు. మార్ష్ హారియర్ కూడా వస్తుంది, అది ఇంకాస్త పెద్దది, ముదురు రంగు.

మొక్కల సంగతి. దయచేసి నాటొద్దు. మీ లెక్చరర్లకు నా తరఫున చెప్పు. గడ్డినేల అంటే చెట్లు చచ్చిపోయి మిగిలిన అడవి కాదు. అది తనంతట తాను నిండుగా ఉన్న నేల. అక్కడ బతికే పిట్టలన్నీ కింద గుడ్లు పెడతాయి. నలువైపులా చూపు ఆనేలా ఉంటేనే వాటికి ధైర్యం. అక్కడ ఒక చెట్టు నిలబెడితే దాని మీద కాకి కూర్చుంటుంది, కాకి కంటికి కింద ఉన్న గూళ్లన్నీ తేలిగ్గా దొరుకుతాయి. మీ చేత్తో నాటినవి పది మొక్కలే అయినా ఆ చుట్టుపక్కల లార్క్‌లు, కోర్సర్లు గూడు పెట్టడం మానేస్తాయి. నాటాలనే మనసున్న పిల్లలు ఉంటే సర్కారు తుమ్మ మొలకలు పీకే పని అడగండి. అటవీశాఖ అనుమతితో ఆ పని చేస్తే నేలకు నిజంగా మేలు చేసినట్టు.

---

పెన్నా ఒడ్డు (అనంతపురం)

చెట్ల మాట వచ్చింది కాబట్టి మా వైపు ముచ్చట. అనంతపురం జిల్లాలో గడ్డినేలకు అభయారణ్యం బోర్డు లేదు. వేరుశనగ తీసేసిన చేలు, గొర్రెలు మేసే గుట్టల పాదాలు, ఇవే మాకు గడ్డినేల. కోర్సర్లను నేను చూసేది అక్కడే. సాయంత్రం కుంటల దగ్గర శాండ్‌గ్రౌస్‌లు దిగుతాయి. పావురమంత పిట్ట, ఎగిరేటప్పుడు గొంతు కలిపి అరుస్తూ పోతాయి. పిల్లలున్న రోజుల్లో మగపిట్ట నీళ్లలో కడుపు ముంచి, ఆ ఈకలకు పట్టిన నీటిని కిలోమీటర్ల దూరం మోసుకుపోతుంది. పిల్లలు ఆ ఈకల్లోంచి నీళ్లు తాగుతాయి. ఎండిన నేలలో బతకడానికి ఒక పిట్ట ఇంత ఏర్పాటు చేసుకుంది. ఆ నేలను మన కాగితాల్లో "నిరుపయోగం" అని రాసుకున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే.

అలా రాసుకున్న నేలల్లోకే సోలార్ పార్కులు వస్తున్నాయి. సోలార్ వద్దని నేను అనను. కరెంటు కావాలి, బొగ్గు తగ్గాలి. కానీ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ముందు అడగాలి కదా. మీ కర్నూలు వైపు గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల పార్కు దాదాపు 6 వేల ఎకరాల్లో 2017లో తయారైంది. రోళ్లపాడు అభయారణ్యం మొత్తం దాంట్లో నాలుగో వంతు. పలకలు పరిచాక గడ్డి ఉండదు, మిడత ఉండదు, హారియర్ రాదు. పలకలతో పాటు కరెంటు తీగలు. బట్టమేక కళ్లు తలకు పక్కలకు ఉంటాయి, ఎదురుగా సరిగా కనిపించదు. బరువైన పిట్ట, దగ్గరికొచ్చాక చప్పున పక్కకు తిరగలేదు. అందుకే రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలు భూమిలో వేయమని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. అక్కడ కనీసం కోర్టు దాకా వెళ్లింది. మన సీమ గడ్డినేలల గురించి అడిగేవాళ్లు మనమే కావాలి.

---

లంకమల (కడప)

కడప నుంచి ఒక ఆశ కలిగించే మాట. మా కలివికోడి (జెర్డన్స్ కోర్సర్) కథ మీ అందరికీ తెలుసు. 1848లో శాస్త్రవేత్తలు వర్ణించిన పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బీఎన్‌హెచ్‌ఎస్ తరఫున వెతుకుతూ వచ్చిన భరత్ భూషణ్‌కు ఆ పిట్టను చూపించింది స్థానికుడు ఐతన్న. పుస్తకాల్లో లేదన్న పిట్ట ఆ ఊరివాళ్లకు తెలుసు. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసం మీదికి వచ్చినప్పుడు కాలువ దారినే మార్చారు.

కలివికోడి గడ్డినేల పిట్ట కాదు, ముళ్లపొదలు పలచగా ఉన్న నేల దానిది. రాత్రి తిరిగే పిట్ట. మీలా మధ్యాహ్నం నడకకు అందదు. పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే వచ్చి అడుగుల జాడలు చూసేవారు, కెమెరాలు పెట్టేవారు. ఇదంతా ఎందుకు రాశానంటే, ఆ పొదలు కూడా పశువుల మేత, కట్టెల కోతతో కొంత పలచబడి ఉంటేనే దానికి నచ్చుతాయి. మరీ దట్టమైతే వదిలేస్తుంది, మరీ కొట్టేస్తే అసలుండదు. కాబట్టి గొర్రెలవాళ్లను శత్రువులుగా చూసే రాతలు ఈ వేదికలో తగ్గాలి. రోళ్లపాడులో కూడా మేత పూర్తిగా ఆపితే గడ్డి మరీ పెరిగి కొన్ని పిట్టలకు పనికిరాకుండా పోతుంది కదా, పాత బీట్ గారూ?

---

పాత బీట్

అవునండీ. ఒకచోట పొట్టి గడ్డి, ఒకచోట పొడుగు గడ్డి, మధ్యలో బోడి నేల, ఇలా కలగలిసి ఉండాలి. కోర్సర్‌కు బోడి నేల కావాలి. హారియర్ నిద్రకు మోకాటి ఎత్తు గడ్డి కావాలి. నేల నెమలికి (లెస్సర్ ఫ్లోరికన్) ఇంకా పొడుగు కావాలి. వానాకాలంలో మగ నేల నెమలి గడ్డి పైకి ఎగిరెగిరి దూకేది, అలా ఒక్కరోజులో వందలసార్లు దూకుతుంది. అది కూడా ఇప్పుడు ప్రమాదం అంచున ఉంది. ఎవరు ఎప్పుడు ఎంత మేపాలో ఊరివాళ్లతో కూర్చుని తేల్చుకుంటే జరిగే పని. కంచె వేసి తాళం పెడితే జరగదు.

జింకల నష్టానికి పరిహారం వేళకు, తిరగకుండా చేతికి అందాలి. అది అందితే సగం కోపం చల్లారుతుంది. పిట్టలు చూసేవాళ్లు అర్జీలు రాసేటప్పుడు ఈ మాట కూడా రాయాలి.

---

సీమ రైతుబిడ్డ

పెద్దాయన మాట నాకు నచ్చింది. ఒక ప్రశ్న. ఈ హారియర్లు మిడతలు తింటాయంటున్నారు. శనగలో పచ్చపురుగును కూడా తింటాయా? మా చేల మీద రోజూ తిరిగేవి ఇవేనా? బూడిద రంగు గద్ద, రెక్కలు పైకి ఎత్తి పట్టుకుని, మొక్కల మీద రెండు మూర్ల ఎత్తులో పోతూ ఉంటది.

---

గడ్డినేల

అన్నా, అవే. రెక్కలు పైకెత్తి అటూ ఇటూ ఊగుతూ పోవడం హారియర్ గుర్తు. ప్రధానంగా మిడతలు, తొండలు, ఎలుకలు, చిన్న పిట్టలు తింటాయి. శనగ పచ్చపురుగును ఏరుకు తినేది ఎక్కువగా పసులపోలిగాడు, గోరువంకలు, కొంగలు. చేలో అక్కడక్కడా టీ ఆకారంలో కర్రలు పాతితే పసులపోలిగాడు వాటి మీద కూర్చుని పురుగులను పడుతుంది, వ్యవసాయ శాఖ వాళ్లు కూడా ఇదే చెప్తారు. మందు ఎక్కువ కొట్టిన చేలో మిడతలు తగ్గుతాయి, హారియర్ ఇంకో చేనుకు పోతుంది. ఇన్నేళ్లలో రోళ్లపాడుకు వచ్చే హారియర్లు బాగా తగ్గాయి. వాటికి పగటి తిండి పెట్టేది మీ చేలే కాబట్టి, మీరు లేకుండా ఈ పిట్టలను కాపాడే దారి లేదు.

---

కొత్త బైనాక్యులర్

మొక్కల సంగతి మా సార్‌కు చూపించాను. మొదట ఒప్పుకోలేదు, కాకి గూళ్ల మాట చదివాక ఆలోచిస్తామన్నారు. ఆదివారం నేను, నా ఫ్రెండ్ వస్తాం. ఏం తెచ్చుకోవాలి? అమ్మ పాముల గురించి టెన్షన్ పడుతోంది.

---

గడ్డినేల

అమ్మ టెన్షన్ సరైనదే, గడ్డిలో రక్తపింజరి ఉంటుంది. చెప్పులు వద్దు, చీలమండ కప్పే బూట్లు, మందపాటి ప్యాంటు. గడ్డి గింజలు గుడ్డకు గుచ్చుకుంటాయి, ఉన్ని, నైలాన్ సాక్సులు వేసుకుంటే తీయలేక అవస్థ. కాలిబాట దాటొద్దు. ఎరుపు, తెలుపు బట్టలు వద్దు. 8×42 బైనాక్యులర్ ఉంటే బాగుంటుంది, లేకపోతే నాది మార్చుకుంటూ చూద్దాం. నీళ్లు మనిషికి రెండు లీటర్లు, అక్కడ దుకాణాలు ఉండవు. ముందుగా అటవీ సిబ్బందికి చెప్పి, వాళ్లు చూపిన చోటనే నడుస్తాం.

మూడింటికి మొదలు. నాలుగున్నర దాకా లార్క్‌లు, కోర్సర్లు, వీలైతే పాముల గద్ద. జింకల మందలు ఎలాగూ కనిపిస్తాయి. నాలుగున్నర తర్వాత ఒకచోట కూర్చుని కదలకుండా ఉందాం. హారియర్లు వాలే గడ్డికి దూరంగానే ఉంటాం. మనిషిని చూస్తే అవి వాలకుండా చీకటి పడేదాకా తిరుగుతూ ఉంటాయి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పిట్టకు రాత్రి విశ్రాంతి దూరం చేయడం తప్పు. ఫోటో కోసం దగ్గరికి పోదామనేవాళ్లు రావొద్దు, ఈ మాట కచ్చితంగా చెప్తున్నా.

---

మోడరేటర్

ఒక విన్నపం. హారియర్లు వాలే కచ్చితమైన చోటును మ్యాప్ పిన్‌తో ఇక్కడ పెట్టొద్దు. గూళ్ల ఫోటోలు కూడా పెట్టొద్దు. పిట్టల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో బట్టమేక లాంటి జాతులు కనిపించిన చోటును అందరికీ చూపించరు, మనమూ అదే పద్ధతి పాటిద్దాం. జింకల పరిహారం మీద అర్జీకి విడిగా చర్చ తెరుస్తున్నాను. పాత బీట్ గారు, రైతుబిడ్డ గారు మొదటి ముసాయిదా రాస్తే బాగుంటుంది.

---

పెన్నా ఒడ్డు

ఆ అర్జీలో అనంతపురం పేరు కూడా కలపండి, జింకల బాధ మా రైతులకూ ఉంది. రాజస్థాన్‌లోని బట్టమేకల పెంపక కేంద్రంలో 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో బట్టమేక పిల్ల పుట్టింది. ఆ పిల్లలు పెరిగి ఎప్పుడో ఒకప్పుడు వేరే రాష్ట్రాల నేలల్లో వదలాలంటే, ఆ రోజుకు మన దగ్గర గడ్డినేల మిగిలుండాలి.

---

సీమ రైతుబిడ్డ

అర్జీకి నేను సర్వే నంబర్లు, ఈ ఏడు నష్టపోయినోళ్ల వివరాలు తెస్తా. ఆదివారం మీరు వచ్చేటప్పుడు బండ్లు రోడ్డు పక్కన ఎండలో పెట్టొద్దు, మా చేను గట్టు మీద వేపచెట్టు ఉంది, దాని కింద పెట్టండి. శనగ మొలక మీద నడవకుండా గట్టు వెంబడి రండి. కాపలాకు నేను ఎట్లాగూ ఉంటా. నడక అయినాక ఒక గంట ఉండగలిగితే, చీకటి పడినాక జింకలు చేలోకి ఎట్లా దిగుతాయో చూపిస్తా, అర్జీలో అది కూడా రాయొచ్చు.

---

గడ్డినేల

ఉంటాం అన్నా. రాత్రి తొమ్మిది దాకా ఉండేలా వస్తాం, టార్చ్‌లు తెస్తాం. వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోపు ఇక్కడే పేరు చెప్పండి, సిబ్బందికి లెక్క ఇవ్వాలి. పది మందికి మించి వద్దు.